జంపన్న వాగు అవతలి ఊరు

మేడారం మొక్కు లేని ఇల్లు మన ఓరుగల్లు పట్టున వెతికినా దొరకదు. కడుపు పండాలని ఒకరు, పిల్ల పెళ్ళి కుదరాలని ఒకరు, ఇంటాయన తాగుడు మానాలని ఇంకొకరు, ఎవరి మొక్కు వాళ్ళకుంది. బంగారం (అక్కడ బెల్లాన్ని అలాగే అనాలి మరి!) నెత్తిన పెట్టుకుని, ఒడిబియ్యం, పసుపు కుంకుమలు మూటగట్టుకుని బయల్దేరతాం. గద్దెల దగ్గరికి పోయే ముందు జంపన్న వాగులో మునగాలి. మునుగుతాం. తల తుడుచుకుని, తడి చీర పిండుకుని పోతాం. మళ్ళీ ఆ వాగు వంక చూడం.

నేను పెళ్ళయిన కొత్తలో మా అత్తమ్మను అడిగాను, "అత్తమ్మా, ఈ నీళ్ళు యాడికి పోతయి?" అని. "యాడికి పోతయి బిడ్డా, గంగల కలుస్తయి. నువ్వు మునుగు ముందుగాల" అంది. గంగ అంటే మనవైపు గోదావరే. అత్తమ్మ చెప్పింది నిజమే కానీ, మేడారానికీ గంగకూ నడుమ ఆ వాగు ఒరుసుకుంటూ పోయే ఊళ్ళున్నాయి. వాటిల్లో ఒకటి కొండాయి. ఏటూరునాగారం మండలం. ఒకప్పుడు మన వరంగల్ జిల్లాలోనే ఉండేది, 2019 ఫిబ్రవరిలో ములుగు జిల్లా ఏర్పడ్డాక అందులోకి పోయింది.

కొండాయి పేరు వినలేదంటారా? వినే ఉంటారు. జాతర మొదటిరోజు బుధవారం నాడు కన్నెపల్లి నుంచి సారలమ్మ, పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు గద్దెలకు చేరతారని రేడియోలోనూ టీవీలోనూ చెబుతారు కదా, ఆ కొండాయే ఇది. గోవిందరాజు సారలమ్మ పెనిమిటి. అంటే మన మొక్కుల సారక్కకు కొండాయి అత్తిల్లన్నమాట! ఆ ఊరి కోయ పూజారులు గోవిందరాజును భుజాన మోసుకుని అడవి దారిన నడిచి మేడారం చేరుస్తారు. మరునాడు చిలకలగుట్ట నుంచి సమ్మక్క వస్తుంది. శుక్రవారం మనందరి మొక్కులు, శనివారం వనప్రవేశం. ఎవరి ఊరికి వాళ్ళు పోతారు. మనం బస్సెక్కుతాం, గోవిందరాజు కొండాయి పోతాడు.

ఇక్కడో మాట చెప్పకుండా ఉండలేను. కరువు కాలంలో కప్పం కట్టలేదని ఆ కోయల మీదికి సైన్యాన్ని పంపింది మన ఓరుగల్లు కోటే. ఆ యుద్ధంలో గాయపడి సంపెంగ వాగులోకి దూకాడు సమ్మక్క కొడుకు జంపన్న. వాగు ఎర్రబారింది, పేరు మారింది. ఇప్పుడు అదే ఓరుగల్లు ఆడవాళ్ళం నెత్తిన బెల్లం మోసుకుని అక్కడికి పోతున్నాం.

నీళ్ళ నడుమ ఊరు

హనుమకొండలో బస్సెక్కితే ములుగు, పస్రా, తాడ్వాయి దాటి ఏటూరునాగారం దారి వంద కిలోమీటర్లు పైమాటే. పస్రా దాటిన దగ్గర్నుంచి రోడ్డుకు రెండు పక్కలా అడవే. ఏటూరునాగారం అభయారణ్యం ఎనిమిది వందల చదరపు కిలోమీటర్లకు పైగా ఉంది. ఆ అడవిలో పడిన ప్రతి చినుకూ ఏదో ఒక ఒర్రెలో కలుస్తుంది, ఒర్రెలు వాగుల్లో, వాగులు గోదావరిలో. మ్యాపు తీసి చూస్తే మన అరచేతి గీతల్లాగే ఉంటాయి. ఊళ్ళు ఆ గీతల మధ్య ఇరుక్కుని ఉన్నాయి.

రోడ్డు వైపు నుంచి పోతే దొడ్ల అనే ఊరొస్తుంది. అక్కడ జంపన్న వాగు దాటితేనే అవతల కొండాయి, మల్యాల. ఎండాకాలం వాగు ఎంత బుద్ధిమంతురాలో చెప్పలేం. ఇసుకలో చెలిమె తోడుకుని బిందె నింపుకోవాల్సినన్ని నీళ్ళే ఉంటాయి. మాఘమాసంలో జాతరకు మనం మునగడానికి నీళ్ళు చాలవని లక్నవరం చెరువు నుంచి వదులుతారు కూడా! ఆషాఢం వస్తే అదే వాగు వేరు. పొలాలన్నీ చిత్తడి, అడుగేస్తే పిక్కల దాకా బురద, చెప్పులు చేతిలో పట్టుకోవలసిందే. పైన అడవిలో రాత్రంతా వాన పడితే, కింద ఊళ్ళో చుక్క పడకపోయినా తెల్లారేసరికి వాగు కట్టలు ఒరుసుకుని పోతుంటుంది.

ఇంకో చిక్కుంది. గోదావరి తక్కువగా ఉన్నప్పుడు వాగు నీళ్ళు సాఫీగా పోయి కలుస్తాయి. గోదావరి నిండుగా ఉంటే? మనింట్లో స్నానాల గది జాలీ దగ్గర బయటి కాలువ నిండినప్పుడు ఏమవుతుందో అదే అవుతుంది. పోవలసిన నీరు వెనక్కి తన్నుతుంది. అందుకే అక్కడి వాళ్ళు ఒక కన్ను వాగు మీద, ఒక కన్ను గంగ మీద ఉంచుతారు. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మనకు బంగారం ధర ఎంత నోటికొస్తుందో ఆ ఊళ్ళ వాళ్ళకు ఈ అంకెలు అంత నోటికొస్తాయి. 1986 ఆగస్టులో 75 అడుగులు దాటిన వరద, 2022 జూలైలో 71 అడుగులు దాటిన వరద, రెండూ గోదావరి ఒడ్డు ఊళ్ళలో మరిచిపోయేవి కావు.

ఏడాది పొడుగునా అడవి పని

కొండాయి చుట్టుపక్కల కోయ ఆడవాళ్ళ సంగతి చెప్పాలంటే నెలల లెక్కన చెప్పాలి. మాఘ ఫాల్గుణాల్లో చింతపండు రాల్చి, గింజ తీసి, ముద్దలు కట్టడం. ఫాల్గుణం చివర్లో ఇప్పపూలు మొదలు. ఇప్పచెట్టు పువ్వును కోయరు, అదే రాత్రిపూట రాలుతుంది. తెల్లవారుజామున గంపలు పట్టుకుని పోయి, పశువులూ ఎలుగుబంట్లూ తినకముందే ఏరుకోవాలి. చైత్రం వెళ్తుంటే తునికాకు. 50 ఆకులు ఒక కట్ట, వెయ్యి కట్టలు ఒక బస్తా. మండుటెండలో ఆకు కోసుకొచ్చి, ఇంటిల్లిపాదీ కూర్చుని కట్టలు కట్టి, సాయంత్రానికి కల్లానికి చేర్చాలి. పిల్లల పుస్తకాలూ బట్టలూ ఈ డబ్బుల్లోంచే. వానలు పడితే వరి నాట్లు, మిరప నారు. చలికాలంలో కుంకుడుకాయలు. ఈ మధ్యలో తేనె, మోదుగాకు విస్తర్లు. గిరిజన సహకార సంస్థ వాళ్ళు వీటిల్లో చాలా వాటిని కొంటారు. మనం తలంటుకునే కుంకుడుకాయ ఏ చేతుల్లోంచి వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించామా!

కొత్త పంట ఏదైనా దేవతకు పెట్టి కొత్తల పండుగ చేసుకోందే కోయలు నోట పెట్టరు. చిక్కుడుకాయైనా సరే, కొత్త వడ్లైనా సరే. పండీపండకముందే పిందెలు తెంపేసే మన ఆత్రం వాళ్ళకు లేదు.

ఇప్పపూలంటే సారా ఒక్కటే అనుకుంటారు మనవాళ్ళు. తప్పు. ఎండబెట్టిన ఇప్పపూలు కోయిళ్ళల్లో తిండి. కరువు రోజుల్లో ఎన్ని కడుపులు నింపాయో! ఇప్పుడు ఆదిలాబాద్ వైపు ఉట్నూరులో ఆడవాళ్ళ సంఘం ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతూ పేరు తెచ్చుకుంది. మనింట్లోనూ చేసుకోవచ్చు. ఎండిన పూలలో నడిమి కేసరాలు, దుమ్ము లేకుండా ఏరుకోవాలి. ఇదే ఓపిక పని, ఇక్కడ తొందరపడితే లడ్డూ చేదొస్తుంది. సన్నసెగ మీద ఇప్పపూలు కరకరలాడేదాకా వేయించి దింపండి. ఒక గ్లాసు పూలకు అర గ్లాసు నువ్వులు, అర గ్లాసు పల్లీలు విడివిడిగా వేయించి, పల్లీల పొట్టు తీసి, అన్నీ కచ్చాపచ్చాగా దంచండి. ముప్పావు గ్లాసు బెల్లం తురుము కలిపి మళ్ళీ ఒక పోటు వేస్తే నువ్వుల నూనెతోనే ఉండ కడుతుంది. నెయ్యి అక్కర్లేదు. పువ్వులోనే తీపి ఉంది కాబట్టి బెల్లం ముందు తక్కువ వేసి రుచి చూసుకోండి.

2023 జూలై

ఆ వారం మనకూ గుర్తే. హనుమకొండలో నయీంనగర్ నాలా పొంగి కాలనీలు మునిగాయి, ఆ వెంటనే 29వ తేదీన భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. మంచాల మీద ఫ్రిజ్‌లు ఎక్కించుకున్నాం, తడిసిన పరుపులు బయట పారేసుకున్నాం. కానీ మనకు మేడ ఉంది, మేడ లేకపోతే పక్కింటి వాళ్ళ మేడ ఉంది.

జూలై 26 ఉదయం నుంచి 27 ఉదయం దాకా ఒక్క రోజులో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. తెలంగాణలో అంతకుముందు ఎన్నడూ అంత వాన నమోదు కాలేదు. పాత రికార్డు కూడా ఈ ప్రాంతానిదే, 2013 జూలైలో వాజేడులో 517.5 మిల్లీమీటర్లు. మిల్లీమీటర్లంటే మనకు అర్థం కాదు కానీ, ఇలా అనుకోండి. ముప్పై అడుగులకు నలభై అడుగుల డాబా. చుట్టూ పిట్టగోడ. నీళ్ళు పోయే గొట్టాలన్నీ మూసేశాం. ఒక్క రోజులో ఆ డాబా మీద రెండడుగులకు పైగా నీళ్ళు నిలుస్తాయి. వేసవిలో మన వీధికొచ్చే 5 వేల లీటర్ల ట్యాంకర్లు 14 తెచ్చి పోసినంత! ఒక్క ఇంటి మీద అంత. ఇక గుట్టలూ అడవులూ అన్నిటి మీదా కురిస్తే?

ఆ నీళ్ళన్నీ ఒక్కసారి దిగాయి. భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిలో తెల్లారేసరికి ఊరు ఊరంతా మునిగి, జనం ఇంటికప్పులెక్కి కూర్చుంటే సైన్యం హెలికాప్టర్లు వచ్చి దింపాయి. కొండాయి మీదికి జంపన్న వాగు వచ్చింది. ఇళ్ళు మునుగుతున్నాయని మరో చోటికి పోయే ప్రయత్నంలో జనం వరదలో చిక్కుకున్నారు. ఎనిమిది మంది పోయారు. మిగిలినవాళ్ళు మిట్టల మీదా, మేడల మీదా రాత్రంతా తడుస్తూ నిలబడ్డారు. హెలికాప్టర్‌లోంచి అన్నం పొట్లాలు జారవిడిచారు. జాతీయ విపత్తు దళం వాళ్ళు పడవల మీద చేరి జనాన్ని బయటికి తెచ్చారు. దొడ్ల దగ్గర వాగు మీది వంతెన కొట్టుకుపోయింది.

వంతెన అంటే మనకు దాటిపోయే రోడ్డు ముక్క. అటువైపు ఊళ్ళకు అది రేషన్ బియ్యం, అది హైస్కూలు, అది 108 అంబులెన్సు. వంతెన పోయాక వాన జోరందుకుంటే పడవే దిక్కయింది. సంచీలో బియ్యం, సంకలో బిడ్డ, కాలి కింద ఊగే పడవ.

అయినా మరుసటి ఏడు 2024 ఫిబ్రవరి 21న జాతర మొదలైతే గోవిందరాజు కొండాయి నుంచి రాకుండా ఉండలేదు. ఆ ఏడు గద్దెల దగ్గర దండం పెట్టుకున్న మనలో ఎంతమందికి తెలుసు, ఆయన ఏడు నెలల కింద నీళ్ళలో మునిగిన ఊరి నుంచి వచ్చాడని?

నీరు తీశాక

వరద వచ్చినప్పుడు పేపర్లలో ఫోటోలు వస్తాయి. నీరు తీశాక ఫోటోలు రావు, అప్పుడే ఆడవాళ్ళ పని మొదలవుతుంది. పొయ్యి ఉండదు, మట్టిపొయ్యి కరిగిపోయి ఉంటుంది. కట్టెలు తడి. గుమ్మిలో వడ్లు నాని మొలకెత్తి ఉంటాయి, పప్పు డబ్బాలో బురద. పొలంలో ఇసుక మేట, మోకాలెత్తు. దాన్ని తీస్తే తప్ప నాటు వేయలేరు, తీయించాలంటే పంట ఖరీదంత అవుతుంది. మన ఏనుమాముల మార్కెట్‌కు ఎర్రగా వచ్చిపడే మిర్చిలో గోదావరి ఒడ్డు ఊళ్ళదీ ఉంది. నారు పోసినప్పుడే వరదొస్తే ఆ ఏటి పంట ఆలస్యం, అప్పు మాత్రం ఆలస్యం కాదు.

తాగేనీళ్ళ సంగతి మరీ కష్టం. చుట్టూ నీళ్ళే, నోట్లో పోసుకోవడానికి గుక్క ఉండదు. బావిలోకి వాగునీరు దిగితే ముందు తోడించాలి, ఆ తర్వాత బ్లీచింగ్. మామూలుగా వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల బ్లీచింగ్ పౌడరు, మురికిగా ఉంటే దానికి రెట్టింపు. వేసిన అరగంట దాకా ముట్టుకోకూడదు. ఆశా కార్యకర్తలు ఇచ్చే క్లోరిన్ బిళ్ళ అయితే 20 లీటర్ల బిందెకు ఒకటి. ఇంట్లో ఎవరికి నీళ్ళ విరేచనాలు పట్టుకున్నా కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా మీద గోపురం లేకుండా చదునుగా కొలిచి కలిపి, గుక్క గుక్కగా తాగించాలి. ఇది మనింట్లోనూ పనికొచ్చేదే కనుక గోడమీద రాసిపెట్టుకోండి.

ఆ తర్వాత దోమ. అడవి అంచు చిత్తడిలో మలేరియా ఎక్కువ, అందులోనూ మెదడుకెక్కే రకం ఉంది. చలి పెట్టి జ్వరం వస్తే "వానలో తడిసింది, అదే పోతుంది" అని ఊరుకోవడానికి లేదు. అదే రోజు రక్తపరీక్ష చేయించాలి. దోమతెర ఉన్నా చాలదు, దాంట్లో పడుకోవాలి. కొందరు దాన్ని చేపలకూ కోళ్ళకూ వాడుకుంటారని ఆఫీసర్లు విసుక్కుంటారు. నన్నడిగితే ఇంటికొక తెర ఇచ్చి ఆరుగురిని పడుకోమంటే ఏం చేస్తారు పాపం?

నెలలు నిండితే

అన్నిటికన్నా గుండె గుబేలుమనేది ఇది. మనకు నొప్పులొస్తే ఆటో పిలిచి హనుమకొండ ప్రసూతి ఆస్పత్రికి పావుగంటలో పోతాం. వాగు అవతల ఆడపిల్లకు శ్రావణమాసంలో నెలలు నిండితే? మంచాన్ని తిరగేసి, దానికి గట్టి బొంగులు కట్టి, నలుగురు భుజాలకెత్తుకుని నడవాలి. వాగు నడుముకు మించితే అదీ లేదు.

అందుకని ములుగు జిల్లాలో వానలకు ముందే ఇలాంటి ఊళ్ళ గర్భిణుల లెక్క తీసి, ప్రసవం తేదీ దగ్గరపడ్డవాళ్ళను ముందుగానే ఆస్పత్రికి తరలించే పద్ధతి పెట్టారు. మంచి పద్ధతి. కానీ ఇల్లు విడిచి రావడం తేలికా? పెద్దపిల్లను ఎవరు చూడాలి, మేకలను ఎవరు కట్టేయాలి, నాట్లకు కూలి పోతే ఎవరిస్తారు? తల్లో అత్తో తోడు వస్తే ఆ ఇంట్లో రెండు జతల చేతులు తగ్గినట్టే. రామని మొండికేసే పిల్లను చూసి తెలివితక్కువదని తీర్మానించేముందు ఈ లెక్క కూడా వేయాలి.

గోదావరి అవతల వాజేడు మండలంలో గుట్టల మీద పెనుగోలు అనే గూడెం ఉంది. 2024 జూలైలో అప్పటి జిల్లా వైద్యాధికారి డాక్టర్ అల్లెం అప్పయ్య మందులూ దోమతెరలూ పట్టుకుని 16 కిలోమీటర్లు వాగులు దాటుతూ, గుట్టలెక్కుతూ నడిచి అక్కడికి చేరారు. అక్కడున్నది పట్టుమని పదకొండు కుటుంబాలు. అంతకుముందు 2020 లాక్‌డౌన్‌లో అప్పటి ఎమ్మెల్యే సీతక్క, ఆమే కోయ ఆడబిడ్డ, బియ్యం కూరగాయల మూటలు మోసుకుంటూ ఇలాంటి గూడేలకే తిరిగింది. పెద్దవాళ్ళు నడిచి వెళ్తే పేపర్లో వస్తుంది, మంచిదే. అదే దారిన ఏడాదికి ఎన్నిసార్లు నడుస్తారో లెక్కలేని ఆశా కార్యకర్తలూ, నర్సమ్మలూ ఉన్నారు. వాళ్ళు మన ఈడు ఆడవాళ్ళే. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, మందుల సంచీ నెత్తిన పెట్టుకుని నడుము లోతు నీళ్ళలో దిగేవాళ్ళు.

మూట కట్టే ముందు

2023 వరద తర్వాత వరంగల్, హనుమకొండ కాలనీల నుంచి కూడా చీరలు, దుప్పట్లు, బియ్యం పోయాయి. మనవాళ్ళకు మనసుంది, కాదనను. కానీ సంచులు విప్పితే ఏముంటాయి? రంగుపోయిన పట్టుచీర, గుండీలు ఊడిన చొక్కా, జతలేని చెప్పు. బురదలో పని చేసేవాళ్ళు జరీ చీర ఏం చేసుకుంటారు? ఇంట్లో వద్దనుకున్నవి వదిలించుకోవడం వేరు, ఇవ్వడం వేరు. వాళ్ళకు పనికొచ్చేవి లంగాలు, నైటీలు, తువ్వాళ్ళు, నెలసరి గుడ్డలు లేదా ప్యాడ్లు, మూతలు గట్టిగా బిగిసే ప్లాస్టిక్ డబ్బాలు, ఒక గంజు, ఒక గరిటె, అగ్గిపెట్టెలు, టార్చిలైటు, చాప, దోమతెర. ఆధార్ కార్డూ, పట్టా పాసుపుస్తకమూ, పిల్లల సర్టిఫికెట్లూ పెట్టుకోవడానికి జిప్పున్న ప్లాస్టిక్ కవర్లు పంపితే ఇంకా మేలు. కాగితాలు తడిసి ముద్దయితే మళ్ళీ తెచ్చుకోవడానికి ఎన్ని ఆఫీసులు తిరగాలో మనకు తెలీదా?

వరద వచ్చేదాకా ఆగి పంపడం కన్నా ముందే పంపితే మంచిది. రోహిణి కార్తెలోనే అక్కడి ఆడవాళ్ళు అటుక సర్దుకోవడం మొదలుపెడతారు. విత్తనాలు పైన, ఎండు కట్టెలు పైన, ఉప్పూ కారం పైన. మన మూటకూ అదే అదను. ఏటూరునాగారం ఐటీడీఏ ఆఫీసులో అడిగితే ఏ గూడేనికి ఏం కావాలో చెబుతారు. దోమతెరలైతే మృగశిరకు ముందే చేరేట్టు చూడండి. వాగు నిండాక పంపినవి ఇవతలి ఒడ్డునే ఉండిపోతాయి.